దినములతో పందెము: పసివారి లింఫోమా

శ్రీకాకుళము జిల్లా సముద్రతీరమున బారువ, భావనపాడు ప్రాంతముల ఇసుకనేలలలో బిళ్ళగన్నేరు మొక్కను పనిగట్టుకొని నాటువారు అరుదు. అది తనంతట తానే మొలచును. ఇంటి పెరటిలో, గుడి ప్రాకారము ప్రక్కన, రైలుకట్ట పొడవునను ఊదా పూలతోను, తెల్లని పూలతోను ఏడాది పొడుగున నవ్వుచుండును. ఆకు మిక్కిలి చేదు. మేకలు సైతము దాని జోలికి పోవు. పూచినందుకు ఎవ్వరును మెచ్చుకొనరు, ఎండినందుకు ఎవ్వరును విచారింపరు.

ఈ మొక్క ఆకునుండి తీసిన మందు ఒకటి, భీమవరమున పుట్టిన తెలుగువాడొకరు అమెరికాలో నడపిన ప్రయోగశాలనుండి వెలువడిన మందు మరియొకటి. ఈ రెండును నేడు విశాఖపట్నపు ఆసుపత్రులలో ఒకే పిల్లవాని నరములలో కలిసికొనుచున్నవి. ఆ పిల్లవాడు సోంపేట నుండి వచ్చినవాడు కావచ్చును, సాలూరు నుండి వచ్చినవాడు కావచ్చును. అతని వ్యాధి పేరు లింఫోమా.

దేహములో రక్తనాళములతోపాటు లింఫు అను తేటనీరు ప్రవహించు సన్నని నాళములు గలవు. ఆ నాళముల దారిలో మెడయందు, చంకలయందు, గజ్జలయందు, పొట్టలోపలను చిక్కుడుగింజలవంటి గ్రంథులుండును. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలో నొప్పిగా ఒక గడ్డ తేలును. పల్లెలలో దీనినే బిళ్ళ కట్టినదందురు. రోగక్రిములతో పోరాడు తెల్లకణములు ఆ గ్రంథిలో గుమికూడుటయే ఇందులకు కారణము. పుండు మానగనే బిళ్ళ కరగిపోవును. ఇది ఆరోగ్యలక్షణమే. కాని ఒక్కొక్కప్పుడు ఆ తెల్లకణములలోనే ఒకటి అదుపు తప్పి, ఏ క్రిమియు లేకయే, ఎవ్వరును ఆజ్ఞాపింపకయే, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగ నారంభించును. ఆ కంతియే లింఫోమా.

పెద్దవారికి వచ్చు లింఫోమాలలో ఏండ్ల తరబడి నెమ్మదిగా సాగునవి కలవు. పిల్లలలో అట్టివి బహు అరుదు. హాడ్జ్‌కిన్ వ్యాధి అను ఒక జాతి గలదు; దాని నడక వేరు, దాని చికిత్స వేరు. దానిని విడిచినచో, పిల్లలకును పదునెనిమిదేండ్ల లోపు తరుణవయస్కులకును వచ్చు లింఫోమాలు దాదాపు అన్నియు ఉగ్రజాతివే. వానిలో బర్కిట్ లింఫోమా అనునది మనుష్యులకు వచ్చు కంతులన్నిటిలోను మిక్కిలి వేగముగా పెరుగువానిలో ఒకటి. దాని కణములు ఒకటి రెండు దినములలో రెట్టింపు కాగలవు. గత వారము గుండీ పట్టిన చొక్కా ఈ వారము పొట్టకు పట్టదు.

ఇంత వేగముగా చంపు వ్యాధియే ఇంత చక్కగా నయమగు వ్యాధి కూడ అగుట వైద్యశాస్త్రములోని వింతలలో ఒకటి. క్యాన్సరు మందులు విభజన పొందుచున్న కణమునే ప్రధానముగా చంపును. నిద్రించు కణము వానికి చిక్కదు. బర్కిట్ కణము నిద్రింపనే నిద్రింపదు. దాని బలమే దాని మర్మస్థానము. సకాలమున చికిత్స మొదలుపెట్టి, కడవరకు సాగించిన చోటులందు నేడు పదుగురు పిల్లలలో తొమ్మండుగురు బ్రదుకుచున్నారు. ఆ సకాలమున, కడవరకు అను రెండు మాటలలోనే ఉత్తరాంధ్రపు చిక్కంతయు నున్నది.

ముందు ఆ మందు కథ. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయాచార్యునకు అది కంటగింపయ్యెను. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి ఇరువురి పేరను ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటను చిరకాలము వాడుకలో నుండినది.

1940లో ఆయన లెడర్లీ అను మందుల సంస్థలో పరిశోధనకు చేరి, పిమ్మట దానికి అధిపతియైరి. ఆయన మనస్సు నంటిపెట్టుకొనియున్నది స్ప్రూ అను వ్యాధి. ప్రేగులు ఆహారమును గ్రహింపలేక రక్తము క్షీణించు ఆ వ్యాధితోనే స్వంత సోదరుడు మరణించెను. అంతకు కొన్ని ఏండ్ల ముందే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించి, మార్మైటు అను ఈస్టు పదార్థముతో అది నయమగుటను కనుగొనియుండిరి. ఆ పదార్థములోని గుణము ఏ ద్రవ్యమున నున్నదో పిమ్మట తేలినది. అదే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మించెను.

కథ ఇక్కడ మలుపు తిరిగినది. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు లుకేమియాతో మరణించుచున్న పసివారిని చూచుచుండెను. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందు ఇచ్చినపుడు వారి వ్యాధి తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. పోషకమిచ్చినచో పెరుగు కణము, ఆ పోషకమును అడ్డగించినచో క్షీణింపవలదా? కణము విభజన పొందుటకు ముందు తన జన్యుపదార్థమునకు నకలు వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు ఫోలిక్ ఆమ్లము సిరావంటిది. ఫోలిక్ ఆమ్లమును అచ్చముగా పోలియుండి దాని పని మాత్రము చేయని పదార్థమును లోనికి పంపినచో, తాళములో దూరి తిరుగక ఇరుక్కొనిపోయిన మారుచెవివలె అది కణమును స్తంభింపజేయును. అట్టి పదార్థములను సుబ్బారావుగారి ప్రయోగశాల తయారుచేసి ఫార్బరునకు పంపెను. వానిలో అమినోప్టెరిను అను మందును ప్రాణాపాయస్థితిలోనున్న 16 మంది పిల్లలకు ఇయ్యగా 10 మందికి గుణము కనిపించెనని 1948 జూన్‌లో ప్రకటన వెలువడినది. ఆ గుణము నిలువలేదు. కొన్ని నెలలకు వ్యాధి తిరుగబెట్టెను. కాని మందుతో క్యాన్సరు తోక ముడుచుట లోకము చూచినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు తమ 53వ ఏట నిద్రలో కన్నుమూసిరి. అమినోప్టెరినుకన్న క్షేమకరమైన దాని తోబుట్టువు, అదే ప్రయోగశాలలో పుట్టినది, తరువాతి ఏండ్లలో వ్యాప్తికి వచ్చెను. దాని పేరు మెథోట్రెక్సేటు.

ఇక ఆఫ్రికా. ఉగాండా దేశపు కంపాలా నగరమున ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అను ఐర్లండు శస్త్రవైద్యుడుండెను. చిన్ననాటనే ఒక కన్ను పోయినవాడు. 1957లో దవడలు నాలుగు ప్రక్కల వాచిన బాలు నొకనిని ఆయన చూచెను. దవడకు ఒకవైపు కంతి వచ్చుట కలదు, నాలుగు వైపుల వచ్చుట ఎట్లు? కొలదికాలమునకే జింజా అను మరియొక ఊరి ఆసుపత్రిలో అట్టి ముఖమే కిటికీగుండ కనబడినది. ఆ బిడ్డకు పొట్టలోను కంతులుండెను. పాత రికార్డులు తిరుగవేయగా, వేరు వేరు పేర్లతో వ్రాయబడిన పిల్లల కంతు లనేకము ఒకే వ్యాధియని తేలినది. 1958లో దానిని ప్రకటించెను. 1961లో ఇద్దరు స్నేహితులతో పాతమోటారు బండి నెక్కి ఆఫ్రికాలో పదివేల మైళ్ళు తిరిగి, ఊరూర ఆసుపత్రులలో ఈ కంతి కలదా లేదా యని విచారించెను. ఉష్ణము, వర్షము, మలేరియా ఎక్కువగా నున్న చోట్లనే ఈ వ్యాధి కనబడుచున్నదని పటము గీచిచూపెను. రెండు కన్నులవారు ఎందరో చూచి దాటిపోయిన దానిని ఒంటికంటివాడు పట్టుకొనెను.

ఉగాండాలో నాడు రేడియము చికిత్స లేదు. కత్తితో కోయుటకు వీలుకాని కంతి. అందుచేత మందు తప్ప గతిలేకపోయెను. న్యూయార్కునుండి వచ్చిన క్యాన్సరు వైద్యుల సహకారముతో బర్కిట్ మెథోట్రెక్సేటును ప్రయోగించిచూచెను. గుమ్మడికాయవలె వాచిన దవడలు కొలది దినములలో కరగిపోయెను. బర్కిట్, న్యూయార్కు వైద్యులు కలిసి ఆ ఫలితములను 1963లో ప్రకటించిరి. భీమవరపు బిడ్డ చనిపోయిన పదునైదేండ్లకు ఆయన ప్రయోగశాల మందు, ఆయన ఎన్నడును చూడని దేశపు పిల్లల ముఖములను తిరిగి ముఖములుగా చేసినది. 1961లో బర్కిట్ లండనులో చేసిన ఉపన్యాసమును వినిన ఎప్‌స్టీన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులైన అచాంగ్, బార్ అనువారితో కలిసి 1964లో ఆ కంతి కణములలో ఒక క్రొత్త వైరసును కనుగొనుట మరియొక కథ. ఆ వైరసు అంటినవారు లోకములో కోట్లకొలది. అందరకును కంతి రాదు. లింఫోమా అంటువ్యాధి కాదు. తరగతిలో ప్రక్కన కూర్చున్న బిడ్డకు ఇది సోకునను భయము నిరాధారము.

మన దేశమున ఎక్కువగా కనబడునది దవడను పట్టు ఆఫ్రికా రూపము కాదు, పొట్టను పట్టు రూపము. పార్వతీపురము, సీతంపేట కొండలలో మలేరియా చిరపరిచితమే. పొట్టలో గట్టిగా చేతికి తగిలినదంతయు మలేరియా బల్లయని అక్కడి పెద్దలు అనుకొనుటకు కారణము గలదు. బల్ల ఎడమప్రక్క పక్కటెముకల క్రిందనుండి నెలలకొలది పెరుగును. లింఫోమా గడ్డ వారములలో పెరుగును; బొడ్డుక్రింద కుడిప్రక్కను తగులవచ్చును; ప్రేగు ప్రేగులో దూరి వాంతులు, కడుపునొప్పి తెప్పింపవచ్చును. మెడలోని గడ్డను గవదబిళ్ళలని పట్టులు వేయుట, క్షయయని నెలలకొలది మాత్రలు మ్రింగించుట కూడ తరచుగా జరుగుచున్నవి. క్షయ ఈ ప్రాంతమున విస్తారముగా నున్నందున వైద్యుని ఊహ మొదట అటు పోవుట సహజమే. గడ్డ ముక్కను తీసి పరీక్షింపకయే ఆ ఊహపై నెలలు గడుపుట సహజము కాదు.

అంతకన్న ప్రమాదమైనది స్టెరాయిడు మాత్ర. జ్వరమునకు, ఆయాసమునకు, వాపునకు దేనికైనను ఊళ్ళో ఇచ్చెడి ఆ చిన్న మాత్రతో లింఫోమా గడ్డ రెండు మూడు దినములలో మెత్తబడును. ఇంటిల్లిపాదియు సంతోషింతురు. వారములలో గడ్డ తిరిగివచ్చును. అప్పటికి ముక్క పరీక్షలో సరియైన జవాబు దొరకుట కష్టమగును, మందునకు కణములు మొండిపడియుండును. రొమ్ములోపల పెరుగు టి-కణజాతి లింఫోమా గల బిడ్డకు వెల్లకిల పడుకొన్నచో ఊపిరాడదు, తెల్లవారుసరికి ముఖము ఉబ్బును, మెడనరములు తేలును. దీనిని ఉబ్బసమని పొరబడుట తేలిక.

ఇక చికిత్స. గడ్డ ముక్కను తీసి సూక్ష్మదర్శినితోను, కణముల పైపూత గుర్తించు రంగులతోను ఏ జాతియో తేల్చుదురు. బర్కిట్ జాతిలో 8వ క్రోమోసోముపైని మిక్ అను జన్యువు తెగి, సాధారణముగా 14వ దానిపై అతుకుకొనియుండును. దానికి ఇక కళ్ళెముండదు. స్కానుతో వ్యాప్తిని చూతురు. ఎముక మూలుగను, వెన్నునీటిని పరీక్షింతురు. ఇవన్నియు రెండు మూడు దినములలో జరుగవలెను.

మొదటి మందు పెద్దమోతాదులో ఈయరు. ఇక్కడ తొందరపడినచో బిడ్డ క్యాన్సరుతో గాక చికిత్సతోనే మరణించును. పెద్ద కంతి ఒక్కసారిగా చచ్చినపుడు పగిలిన కణములనుండి పొటాసియము, భాస్వరము, యూరిక్ ఆమ్లము రక్తములోనికి వరదవలె వచ్చును. మూత్రపిండములు పూడుకొనిపోవును, పొటాసియము గుండెను ఆపును. అందుచేత ముందుగా నీరు విస్తారముగా ఎక్కించి, యూరిక్ ఆమ్లమును తగ్గించు మందు లిచ్చి, వారముపాటు సైక్లోఫాస్ఫమైడు, విన్‌క్రిస్టిను, ప్రెడ్నిసొలోనులతో సుతారముగా మొదలుపెట్టుదురు. ఆ వారము దినమునకు పలుమార్లు రక్తము తీసి భాస్వరము కొలుతురు. నేటి యంత్రముల తీరు వేరైనను, మూలము మాలిబ్డేటుతో భాస్వరము కలియు ఆ రసాయనచర్యయే. 1925లో సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి ఆధారము చేసికొన్న చర్య అదియే.

ఆ పిదప అసలు యుద్ధము. కీళ్ళనొప్పులకు వారమునకు పది పదునైదు మిల్లీగ్రాములుగా వాడు మెథోట్రెక్సేటునే ఈ బిడ్డలకు చదరపు మీటరు శరీరవైశాల్యమునకు మూడు గ్రాములు మొదలుకొని ఎనిమిది గ్రాముల వరకు నరముగుండ ఇత్తురు. అంత మోతాదైనగాని మెదడులోనికి చాలినంత చేరదు. లింఫోమా కణములు దాగుకొనుటకు వెదకు చోటు అదియే. ఊరక విడిచినచో ఆ మోతాదు ఎవ్వరినైనను చంపును. కావున నియమితగడియకు ఫోలినిక్ ఆమ్లమను విరుగుడు మందును మొదలుపెట్టి, రక్తములో మెథోట్రెక్సేటు అంశము క్షేమస్థాయికి దిగువరకు ఆరేసి గంటల కొకసారి ఇయ్యవలెను. విషమును పోసి, గడియారము చూచుచు అమృతమును పోయుట వంటి పని. ఒక మోతాదు విరుగుడు తప్పినచో నోరంతయు పుండ్లగును. పెక్కు తప్పినచో ప్రాణమునకే ముప్పు.

వెన్నునీటిలోనికి సన్నని సూదితో చిన్న మోతాదు మెథోట్రెక్సేటు ఇచ్చుటయు గలదు. బిళ్ళగన్నేరు మందైన విన్‌క్రిస్టినును మాత్రము నరములోనికే ఈయవలెను. పొరబాటున వెన్నులోనికి పోయినచో దాదాపు తప్పక ప్రాణము పోవును. ఇట్టి దుర్ఘటనలు పలుదేశములలో జరుగుటచేత విన్‌క్రిస్టినును సిరంజిలో గాక చిన్న ద్రావణపు సంచిలో కలిపి ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. పెరటిలో పూయు మొక్కయే గదాయని ఆకు కషాయము కాచి త్రాపువారు కూడ కలరు. ఒక్క గ్రాము విన్‌క్రిస్టినునకు కొన్ని వందల కిలోల ఎండుటాకు కావలెను. కషాయములో వ్యాధిని చంపునంత మందు ఉండదు, కాలేయమును చెరుపునంత చేదు ఉండవచ్చును.

2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబు అను ప్రతిరక్షకపు మందును రెడిటక్స్ అను పేర తక్కువ వెలకు తయారుచేసి విడుదల చేసినది. బి-కణముల పైపూతను గుర్తించి వానికే అంటుకొను మందు ఇది. ముదిరిన దశలోనున్న పిల్లలకు పూర్వపు మందులతో దీనిని చేర్చగా, మూడేండ్లకు వ్యాధి తిరుగక, మరే కీడును కలుగక నిలిచినవారు నూటికి 82.3 నుండి 93.9కి పెరిగిరని 2020లో ప్రకటింపబడిన అంతర్జాతీయ పరిశోధన తెలిపినది. తెలుగునాట ఇది గర్వింపదగిన పనియే. అయినను ఈ అంకెలు మొదటి దినమునుండి కడపటి దినమువరకు ఆసుపత్రి గడప దాటని పిల్లలవని మరువరాదు.

ఇచ్ఛాపురమునుండి విశాఖపట్నము రెండువందల కిలోమీటర్లకు పై మాట. శ్రీకాకుళమున 2008 నుండియు, విజయనగరమున 2023 నుండియు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నను, పిల్లల లింఫోమాకు కావలసిన సంపూర్ణ చికిత్సకు అగనంపూడిలో టాటా స్మారక కేంద్రము నడపు హోమీభాభా క్యాన్సరు ఆసుపత్రికో, నగరమందలి ఇతర పెద్ద ఆసుపత్రులకో పోవలసియున్నది. మందుల ఖర్చు ఒకప్పుడు పొలము అమ్మించెడిది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించిన మొదటి మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. పథకము పేరు ప్రభుత్వములతో మారుచు వచ్చినను బీదబిడ్డ మందుల బిల్లు దానిచే తేలికయైనది. రైలులో రోగికిని, వెంట వచ్చు ఒకరికిని రాయితీ గలదు. పథకము తీర్పలేనిది తండ్రి కూలి. నాట్ల కాలమున రెండునెలలు ఆసుపత్రి వరండాలో గడపిన తండ్రికి ఇంటివద్ద మిగిలిన ఇద్దరు బిడ్డల సంగతి ఎవరు చూతురు?

మొదటి రెండు వారములలోనే గడ్డ కంటికి కనబడకుండ పోవును. బిడ్డ ఆకలియనును, ఆడుకొనును. ‘గుంటడికి నయమైపోనాది, మరింక సూదులెందుకు బాబూ’ అను ప్రశ్న అక్కడ పుట్టును. చికిత్స మానుకొనుట ఎక్కువగా జరుగునది ఈ మలుపుననే. ఆఫ్రికాలో బర్కిట్ చూచిన పిల్లలలో ఒకటి రెండు మోతాదులతోనే బ్రదికినవారు కొందరు కలరన్నది సత్యము. వారి వెనుక వ్యాధి తిరుగబెట్టి పోయినవారు ఎక్కువ. కంటికి కనబడని కోట్లాది కణములు గడ్డ కరగిన పిదపను మిగిలియుండును. తిరుగబెట్టిన బర్కిట్‌కు చికిత్స బహుకష్టము. చికిత్సాకాలమేమో దీర్ఘముకాదు: బర్కిట్‌కు రమారమి రెండు నెలలు మొదలు ఆరు నెలలు. టి-కణజాతికి మాత్రము లుకేమియావలె రెండేండ్లు, ఆపైన.

పదునైదు, పదునారేండ్ల వారి స్థితి మరింత చిక్కు. పిల్లల వార్డువారు పెద్దవాడనియు, పెద్దల వార్డువారు పిల్లవాడనియు తలచుట గలదు. పెద్దల లింఫోమాకు వాడు సాధారణ మందుల వరుస బర్కిట్‌కు చాలదు. పిల్లల పద్ధతియే వారికి మేలు. పదవతరగతి పరీక్షలకు ముందు గడ్డ కనబడినచో పరీక్షలు కానిమ్మని ఆగువారు కలరు. ఈ వ్యాధికి మార్చిమాసము తెలియదు.

బడికి వచ్చు పిల్లలను తల్లిదండ్రులకన్న ఎక్కువసేపు చూచువారు ఉపాధ్యాయులు. నొప్పిలేకుండ, గట్టిగా, నెల దాటినను తగ్గక పెరుగు మెడబిళ్ళ. మెడఎముకకు పైనున్న బిళ్ళ. కారణము తెలియని జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట. వారములలో ఉబ్బు పొట్ట. పడుకొననీయని ఆయాసము: వీనిలో ఏది చూచినను మాస్టారు చెప్పిన మాట ఊళ్ళో ఇంకెవ్వరు చెప్పినదానికన్న త్వరగా తల్లి వినును. మెడబిళ్ళలు అధికభాగము గొంతునొప్పివలన, పుచ్చిపండ్లవలన, తలపుండ్లవలన వచ్చునవే, అందరను భయపెట్టనక్కరలేదు. తగ్గుచున్నదా పెరుగుచున్నదా అనునది గమనించుట చాలును.

చికిత్స ముగించి వచ్చిన బిడ్డకు జుట్టుండదు. కొలది నెలలలో తిరిగి మొలచును. విన్‌క్రిస్టినువలన వ్రేళ్ళు మొద్దుబారి దస్తూరి చెడవచ్చును, అడుగు తడబడవచ్చును. అశ్రద్ధయని కొట్టిన దెబ్బ అన్యాయమగును. తరగతిలో తట్టు గాని అమ్మవారు గాని ఎవరికైనను వచ్చినచో ఆ దినముననే ఆ బిడ్డ ఇంటికి వర్తమానము పంపవలెను.

మరియొక చిన్న సంగతి గలదు. రక్తహీనత నివారణకు పాఠశాలలలో వారమున కొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్ర ఇచ్చుచున్నారు. చిన్నవారికి గులాబిరంగుది, పదేండ్లు దాటినవారికి నీలిరంగుది. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లము సుబ్బారావుగారి బృందము 1945లో నిర్మించినదే. విశాఖపట్నములో సీసానుండి చుక్కచుక్కగా దిగు మెథోట్రెక్సేటు దానికి శత్రువుగా అదే ప్రయోగశాలలో పుట్టినదే. రెండును ఒకే దేహములో ఒకే వారమున కలిసినచో మందు పని కొంత చెడవచ్చును. కావున చికిత్సలోనున్న బిడ్డకు, అతనిని చూచు వైద్యుని అడిగిన పిదపనే ఆ మాత్ర ఇయ్యవలెను.